తపాలాలో పోయే ఓటు

రహస్య ఓటు పాలకులు దయతలచి ప్రజలకిచ్చిన వరం కాదు. 1838లో ఇంగ్లండులో ఛార్టిస్టులు ప్రకటించిన ఆరు కోర్కెలలో అదొకటి. ఆనాటికి ఓటున్న కౌలుదారు నలుగురి ఎదుటా నోరు తెరిచి అభ్యర్థి పేరు చెప్పాలి. భూస్వామికి నచ్చని పేరు చెబితే కౌలు ఊడిపోవచ్చు. రహస్య ఓటు 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా వలసలలోనూ, 1872లో బ్రిటన్‌లోనూ చట్టమయింది. పోలింగు కేంద్రంలో కట్టే ఆ చిన్న తెర, యజమానికీ పనివానికీ మధ్య లేచిన గోడ.

తపాలా ఓటు యీ గోడను తొలగిస్తుంది. ఓటుకాగితం ఇంటికి వస్తుంది. అది మళ్లీ ఎన్నికల అధికారిని చేరేలోగా దానిమీద ఎవరి చెయ్యి పడిందో, ఎవరి కన్ను పడిందో చెప్పటం కష్టం. అలాగని తపాలా ఓటును సోమరుల సౌకర్యమని కొట్టిపారెయ్యటానికి వీల్లేదు. మంచం దిగలేని ముసలివాళ్లకూ, సరిహద్దున ఉన్న సైనికులకూ అది లేకపోతే ఓటే లేదు. కనుక అసలు ప్రశ్న అది ఉండాలా వద్దా అన్నది కాదు. దాన్ని ఎవరినుంచి కాపాడాలి, ఎవరు కాపాడాలి అన్నది.

1864లో అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా లింకన్ రెండవసారి పోటీచేశాడు. సైనికులు దూరంనుంచే ఓటువేసేందుకు ఉత్తరాది రాష్ట్రాలనేకం చట్టాలు చేశాయి. న్యూయార్కు చట్టం ప్రకారం సైనికుడు ఓటుకాగితాన్ని కవరులో పెట్టి, తన తరపున వెయ్యమని మరొకరికి అధికారమిస్తూ సంతకం చేసి, స్వస్థలానికి పంపాలి. ఆ అక్టోబరులో బాల్టిమోరులో కొందరు పట్టుబడ్డారు. సైనికుల పేర దొంగసంతకాలు పెట్టి ఓట్లు తయారుచేశారన్నది వాళ్లమీద నేరం. సైనిక న్యాయస్థానం శిక్ష వేసింది. ఐతే నిందితులు లింకన్ ప్రత్యర్థిపక్షం మనుషులు. విచారించింది లింకన్ ప్రభుత్వ సైన్యం. విచారణ మొదలయింది పోలింగుకు కొద్దిరోజులముందు. దొంగ ఓటు నేరమే. కాని పోటీలో ఉన్న పక్షమే తీర్పరి కూడా అయినప్పుడు ఆ తీర్పును జనం ఎలా నమ్ముతారు?

బ్రిటన్ చరిత్ర మనకు మరింత చేదుగా ఉంటుంది. అక్కడ 2000లో వచ్చిన చట్టంతో, ఉత్తర ఐర్లండులో తప్ప, కారణం చూపకుండానే తపాలా ఓటు కోరే వీలు కలిగింది. 2004 జూన్‌లో బర్మింగ్‌హామ్ నగరపాలక ఎన్నికలలో రెండు వార్డులలో తపాలా ఓట్లు దొంగిలించటం, మార్చటం జరిగిందని 2005 ఏప్రిల్‌లో ఎన్నికల న్యాయస్థానం తేల్చి, ఆ ఎన్నికలు రద్దుచేసింది. దోషులుగా నిలబడిన ఆరుగురూ లేబరుపార్టీవాళ్లు. (వారిలో ఒకరు తర్వాత అప్పీలులో బయటపడ్డారు.) ఓట్లు పోగొట్టుకున్న పేటలలో వలసవచ్చిన శ్రామిక కుటుంబాలు ఎక్కువ. శ్రమ పేరు పెట్టుకున్న పార్టీలో శ్రమజీవి ఓటుకే రక్షణ లేకపోయిందంటే, దాన్ని శత్రువుల ప్రచారమని దులిపేసుకోవటం మనకు తగదు.

ఐతే మోసాన్ని చూపించి హక్కుకే ఎసరుపెట్టేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రం 2013లో పోలింగు కేంద్రానికి వచ్చే ఓటరు గుర్తింపుకార్డు చూపాలని చట్టం చేసింది. తపాలా ఓటుకు మాత్రం ఆ నిబంధన పెట్టలేదు. తపాలా ఓటు ఎక్కువగా వాడేది తెల్లవారు. కార్డులు లేనివారిలో ఎక్కువమంది నల్లవారు. నల్లవారి ఓటును దెబ్బతీసే ఉద్దేశంతోనే చేశారని 2016లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆ తర్వాత రెండేళ్లకే, 2018లో, ఆ రాష్ట్రంలోనే 9వ కాంగ్రెసు నియోజకవర్గంలో రిపబ్లికన్ అభ్యర్థికి 905 ఓట్ల ఆధిక్యం వచ్చింది. బ్లేడెన్ కౌంటీలో అతని తరపున పనిచేసినవాళ్లు ఇంటింటికీ తిరిగి తపాలా ఓట్లు పోగుచేశారని బయటపడింది. 2019 ఫిబ్రవరిలో రాష్ట్ర ఎన్నికల బోర్డు తిరిగి ఎన్నిక జరపమంది. కాపలా అంతా పెట్టింది ముందు వాకిట్లో. దొంగ వచ్చింది పెరటిదారిన.

విరుగుడు ఏమిటి? ఫ్రాన్సు 1975లో తపాలా ఓటునే ఎత్తేసి, మరొకరి చేత వేయించే పద్ధతి మిగిల్చింది. అది రహస్యాన్ని కాపాడినట్టు కాదు, వదులుకున్నట్టు. బ్రిటన్ 2006 చట్టంతో సంతకమూ పుట్టినతేదీ సరిచూడటం మొదలుపెట్టింది. 2022 చట్టంతో పార్టీ ప్రచారకులు ఇతరుల తపాలా ఓట్లు ముట్టటమే నేరం చేసింది. మన దేశంలో లోపలి కవరులో ఓటు, బయటి కవరులో ధ్రువీకరించిన ప్రమాణపత్రం పెట్టి, ఓటరెవరో ఓటెవరికో వేరుచేస్తారు. 2023లో నియమాలు సవరించి, ఎన్నికల విధులకు పోయే ఉద్యోగులు సదుపాయ కేంద్రంలోనే ఆ ఓటు వెయ్యాలన్నారు. అనగా ఆ తెర మళ్లీ కట్టారు.

సంతకం సరిచూస్తే దొంగచెయ్యి దొరకవచ్చు. కాని ఓటరు తన చేత్తోనే, పక్కన నిలబడ్డ యజమానికో, కుటుంబపెద్దకో, పార్టీ కార్యకర్తకో జడిసి వేసిన ఓటును ఏ సంతకమూ పట్టివ్వదు. కౌలుదారును ఆనాడు వేధించిన భయం యీనాడు కవరులో దాక్కుంది. ఆ భయాన్ని పోగొట్టటం అధికారుల ఒక్కరి పని కాదు. అది ప్రజాఉద్యమం చేయవలసిన పని. ముందుగా మన వాకిట్లోనే చేయవలసిన పని.