అటకమీది యాంప్లిఫయర్లు

పరస్థలమునకు వచ్చి స్థిరపడిన కుటుంబములవారు తమ వెంట తెచ్చుకొనిన వస్తువులను గూర్చి ముచ్చటించుకొనుట పరిపాటి. ఆ జాబితాలో ఇత్తడి బిందెలు, తిరుగలి, భాగవతపు ప్రతి తప్పక ఉండును. పాటను వినిపించిన యంత్రములకు మాత్రము అందు చోటు దొరకుట అరుదు. అయినను మన ఇండ్లలో తల్లిభాష నిలుచుటకు ఆ యంత్రములు చేసిన ఉపకారము చిన్నది కాదు. నేడు మా మారతహళ్ళిలోను, నగరములోని ఇతర పేటలలోను పాత స్టీరియో యాంప్లిఫయర్లను కొని, బాగుచేసి, తిరిగి అమ్ము యువకులు కొందరు కనబడుచున్నారు. ఈ వ్యాపారము యొక్క పూర్వాపరములను, ఇందు పాటింపదగిన ధర్మమును గూర్చి ఇచట మనవి చేయుదుము.

గ్రామఫోను ముల్లునుండి వచ్చు విద్యుత్ సంకేతము మిక్కిలి బలహీనమైనది. దానిని స్పీకరును కదలింపగలంతగా బలపరచునదియే యాంప్లిఫయరు. 1906లో అమెరికాయందు లీ డి ఫారెస్టు మూడు ఎలక్ట్రోడుల వాల్వును రూపొందించుటతో దీనికి పునాది పడెను. 1947లో ఇంగ్లండునందు విలియమ్సన్ అను ఇంజనీరు 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ప్రకటించిన నమూనా, ఇంట కూర్చుండి మంచి ధ్వనియంత్రమును కట్టుకొనదలచిన వారికి దారిచూపెను. 1954లో మల్లార్డు కంపెనీవారు 5 వాల్వులతో 10 వాట్ల శక్తినిచ్చు యాంప్లిఫయరు పటమును వెలువరించిరి. ఎడమ కుడి చెవులకు వేరువేరుగా ధ్వనిని అందించు స్టీరియో పద్ధతికి అలన్ బ్లుమ్లీన్ 1931లోనే పేటెంటు దరఖాస్తు చేసియుండినను, స్టీరియో రికార్డులు అంగళ్లలో విరివిగా దొరకుట 1958 నాటి ముచ్చట.

ఇక మన నగరము సంగతి. 1940లో విమానముల కర్మాగారము, 1948లో టెలిఫోనుల కర్మాగారము, 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఇచట ఏర్పడెను. మారతహళ్ళికి పడమట విమానముల కర్మాగారము, ఉత్తరమున కొంత దూరములో దూరవాణినగరము ఉండుటచేత, ఈ చుట్టుప్రక్కల పల్లెలు కార్మిక కుటుంబములకు నివాసములయ్యెను. చిత్తూరు, అనంతపురము, కర్నూలు జిల్లాలనుండి వచ్చినవారు అందు పలువురు కలరు. భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1961లో రేడియో వాల్వులను, 1962లో జర్మేనియం ట్రాన్సిస్టర్లవంటి పరికరములను, 1964లో ఆకాశవాణికి కావలసిన ట్రాన్స్‌మిటర్లను ఉత్పత్తి చేయనారంభించిరి. జాలహళ్ళిలో తయారైన వాల్వులను నేడు విదేశములలోని అభిరుచిపరులు సైతము వెదకి కొనుచున్నారు. ఈ విషయము మన పిల్లలలో ఎందరికి తెలియును?

కర్మాగారములలో పగలు టంకము వేయనేర్చిన చేతులు సాయంకాలము ఇంటివద్ద ఊరకుండలేదు. ఎస్.పి. రోడ్డని మనము పిలుచు సదర్ పత్రప్ప రోడ్డున విడిభాగములు దొరకును. పటము పత్రికలో దొరకును. తగరపు రేకును వంచి పెట్టెను చేసికొనవచ్చును. ఈ రీతిగా యాంప్లిఫయర్లను స్వయముగా కట్టుకొనిన గృహస్థులు నగరమున ఉండిరి. రేడియో పెట్టుకొనుటకు తపాలా కచేరీలో లైసెన్సు రుసుము చెల్లింపవలసిన దినములవి. 1948 డిసెంబరున ప్రారంభమైన విజయవాడ కేంద్రమును, అంతకు పూర్వమే ఉన్న మద్రాసు కేంద్రమును పట్టుకొనుటకు మనవారు రాత్రి యగుటకై వేచియుండెడివారు. మీడియం వేవు తరంగములు రాత్రివేళ ఎక్కువ దూరము సాగునుగదా! బలహీనముగా వచ్చిన తెలుగు మాటను ఇల్లంతటికి వినిపించినది ఈ యంత్రమే. ఇరుగుపొరుగువారు సైతము అరుగుమీద కూర్చుండి ఘంటసాల పాట వినెడివారు.

తరువాత వాల్వుల స్థానమును ట్రాన్సిస్టర్లు ఆక్రమించెను. 1970 దశకమున జపానువారి సాన్‌సూయీ, పయొనీర్ మున్నగు స్టీరియో యాంప్లిఫయర్లు లోకమంతట ప్రసిద్ధి కెక్కినవి. మన దేశమున దిగుమతులపై కట్టుబాట్లు ఉండుటచేత, గల్ఫు దేశములలోను సింగపూరులోను ఉన్న బంధువులు తెచ్చి ఇచ్చిననే అవి మన ఇండ్లకు చేరుచుండెను. కలకత్తాలో 1970లో నెలకొనిన సోనోడైన్ వంటి దేశీయ సంస్థలును మంచి యంత్రములను అందించినవి. 1991లో ఆర్థిక సంస్కరణలు మొదలైన పిమ్మట కట్టుబాట్లు క్రమముగా సడలెను. చిన్నపాటి సీడీ సెట్లు వచ్చెను. పాత యాంప్లిఫయర్లు అటకలెక్కెను. ఇల్లు మారునపుడు పాతసామాను కొనువాడు వాటిని కిలోల లెక్కన తూచి కొనిపోయెను. అందలి ట్రాన్స్‌ఫార్మరు రాగికై పగులగొట్టబడెను.

కాలచక్రము మరల తిరిగెను. 2020లో అమెరికాయందు గ్రామఫోను రికార్డుల అమ్మకపు రాబడి, 1986 తరువాత మొదటిసారిగా, సీడీల రాబడిని మించినది. మన నగరములోని కంప్యూటరు కచేరీల యువకులకును ఈ అభిరుచి అంటుకొనెను. నిన్న తూకమునకు పోయిన వస్తువు నేడు వేల రూపాయలు పలుకుచున్నది.

కొనువారు మొదట గమనింపవలసినది యంత్రమునకు కావలసిన విద్యుత్తు. జపానులో గృహవిద్యుత్తు 100 వోల్టులు, అమెరికాలో 120, మన దేశమున 230. వెనుక పలకమీది అంకెను చూడక గోడకు తగిలించినచో, అర్ధశతాబ్దము బ్రతికిన యంత్రము అరనిమిషములో చచ్చును. తగిన ట్రాన్స్‌ఫార్మరు వేరుగా కొనవలసియుండును. ఏనుగును కొని అంకుశమువద్ద బేరమాడినట్లు, దానికి వెనుకాడరాదు.

బాగుచేయుటయందును క్రమము కలదు. చాలకాలము మూలబడిన యంత్రమును ఒక్కసారిగా వెలిగింపరాదు. మన మెకానిక్కులు తంతులనడుమ ఒక బల్బును చేర్చి పరీక్షింతురు. దీనినే సీరీసు బల్బు అందురు. బల్బు ఒక్క క్షణము వెలిగి మందగించినచో మేలు. ప్రకాశముగా వెలుగుచునే ఉన్నచో లోపల ఎచటనో షార్టు కలదు. పిమ్మట ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను చూడవలయును. వానిలోని ద్రవము ఏండ్లు గడచినకొలది ఎండిపోవును. యంత్రము గుయ్యిమని మ్రోగును. వాల్వు యంత్రములలో 300 వోల్టులకు మించిన విద్యుత్తు, తీగ ఊడబెరికిన తరువాతను కెపాసిటర్లలో నిలిచియుండగలదు. నేర్పులేనివారు మూత తీయుట ప్రాణాపాయము. ట్రాన్సిస్టరు యంత్రములలో స్పీకరు కొనలవద్ద డి.సి. వోల్టేజి దాదాపు సున్న ఉన్నదా అని కొలిచిన పిమ్మటనే స్పీకరు తగిలింపవలయును.

మా ఎరుకలోని ఒక కుటుంబమువారు ఇటువంటి యంత్రమును ఒక వ్యాపారివద్ద కొనిరి. ముఖపలక అద్దమువలె మెరయుచుండెను. పది దినములు గడువకముందే ఒక స్పీకరు లోపలి తీగచుట్ట మాడిపోయెను. విప్పిచూడగా, ఫ్యూజు ఉండవలసినచోట రాగి తీగ చుట్టబడియుండెను. స్పీకర్లను కాపాడు రిలే పనిచేయకున్నందున, దానిని దాటించి తీగ అతికింపబడియుండెను. పైన పటారము, లోన లొటారము! ఆ ఇంటి పెద్దాయన డబ్బు పోయినందులకన్న, తాము నమ్మినందులకే ఎక్కువ చింతించెను.

జీవితమంతయు గుమస్తా ఉద్యోగములో గడపిన మాకు దీనికి మందు ఒక్కటే తోచుచున్నది. అది కాగితము. అమ్మబడు ప్రతి యంత్రముతోను ఒక చీటీ పోవలయును. ఏ భాగములు పుట్టుకతో వచ్చినవి, ఏవి మార్చబడినవి, ఏ లోపము ఇంకను మిగిలియున్నది, ఏ తేదీన ఏ కొలత వచ్చినది: ఈ నాలుగును అందు ఉండవలయును. తీసివేసిన పాత భాగములను సంచిలో కట్టి యంత్రముతోనే ఇచ్చుట మరియు మేలు. లోపము చెప్పినచో వెల తగ్గునని కొందరందురు. తగ్గవచ్చును. కాని ఈ వస్తువులను కొనువారి వలయము చిన్నది. నమ్మకము పోయినవానికి రెండవ బేరము దొరకదు. పాత కెపాసిటరును మార్చుట మోసము కాదు. మార్చి, మార్చలేదనుటయే మోసము.

ఇంకొక మాట. వాల్వులను, ట్రాన్స్‌ఫార్మర్లను చేతులతో తయారుచేసిన తరము ఇపుడు ఎనుబదుల వయస్సు దాటినది. ఏ ట్రాన్స్‌ఫార్మరు ఎట్లు చుట్టవలయునో, ఏ వాల్వు ధ్వనిలో ఏ దోషము ఎందువలన పుట్టునో వారి వ్రేళ్లకు తెలియును. గ్రంథములలో అది కొంతయే ఉన్నది. మన సంఘములో అట్టి విశ్రాంత ఉద్యోగులు ఉన్నచో, ఈ వ్యాపారములో దిగిన యువకులు వారిచెంత కూర్చుండి వ్రాసికొందురుగాక. యంత్రమునకు విడిభాగము ఏ దేశమునుండియైనను తెప్పించుకొనవచ్చును. ఆ తెలివిని తెప్పించుకొను చోటు వేరొకటి లేదు.

కావున గృహస్థులకు మా విన్నపము: అటకమీద అట్టి పెట్టె ఏదేని ఉన్నచో, దానిని తూకమునకు వేయకుడు; తొందరపడి విద్యుత్తునకును తగిలింపకుడు. దుమ్ము తుడిచి, వెనుక పలకమీది పేరును, అంకెలను వ్రాసికొని, ఎరిగినవారికి చూపుడు. దానిని ఎవరు కొనిరి, ఎన్నడు కొనిరి, ఏ పాట దానిపై విన్నారు అను సంగతులను ఇంటి పెద్దలనడిగి అదే కాగితమున చేర్చుడు. అమ్మినను, ఉంచుకొనినను, ఆ కాగితము యంత్రముతోపాటు ఉండవలయును.