కప్పులో కిటికీ: సింగపూర్ షాప్‌హౌస్‌లలో వెలుతురు, గాలి, క్షయ

1822 నవంబరులో స్టాంఫర్డ్ రాఫెల్స్ సింగపూర్ పట్టణ సంఘానికి ఇచ్చిన ఆదేశాల దృష్టి ప్రధానంగా వీధి మీద ఉంది. ఇళ్ళు ఇటుకతో కట్టి పెంకు కప్పాలనీ, వాటి ముఖాలు ఒకే తీరున ఉండాలనీ, ప్రతి ఇంటి ముందూ ఎడతెగని వసారా సాగాలనీ ఆయన నిర్దేశించారు. తరువాతి కాలంలో ‘ఫైవ్ ఫుట్ వే’గా పేరుపొందినది ఈ వసారానే. ఆ నమూనాలోనే నగరంలో షాప్‌హౌస్‌లు వరుసలుగా పెరిగాయి. కింద అంగడి, పైన కాపురం. పక్కింటితో ఉమ్మడి గోడ కావడంతో రెండు పక్కలా కిటికీ పెట్టే వీలు లేదు. గోడ నుంచి గోడకు వేసిన దూలం పొడవును బట్టి ఇంటి వెడల్పు నాలుగు నుంచి ఆరు మీటర్ల దగ్గర ఆగిపోయేది. లోతు మాత్రం దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఇంత ఇరుకైన, లోతైన ఇంటి నడిమి భాగానికి వెలుతురు పై నుంచే రావాలి.

ఆ అవసరాన్ని తీర్చడానికి మేస్త్రీలు మూడు ఉపాయాలు వాడారు. మొదటిది ఎయిర్‌వెల్. ఇంటి నడుమ కప్పు లేకుండా వదిలిన చిన్న వాకిలి ఇది. వాన అందులో పడి నేలలోని కాలువ గుండా బయటికి పోతుంది. కోస్తా జిల్లాల మండువా లోగిలి చూసినవారికి ఇది పరిచితమైన అమరికే. రెండవది జాక్ రూఫ్. ప్రధాన కప్పు మీద కొంత ఎత్తున నిలిపిన చిన్న కప్పు అది. రెంటి నడుమ నిలువు సందుల గుండా వేడిగాలి బయటికి పోతుంది, వాన మాత్రం లోపలికి రాదు. మూడవది పెంకుల మధ్య అక్కడక్కడ అమర్చిన అద్దం. రాయలసీమ మట్టిమిద్దెల మీద వెలుతురు కోసం, పొగ పోవడానికి వదిలే గవాచి కూడా ఈ కుటుంబానికి చెందినదే.

ఈ ఏర్పాటు వెనుక ఉన్న భౌతికశాస్త్రం సరళమే. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. పైన దారి ఉంటే బయటికి పోతుంది, దాని స్థానంలోకి కింద నుంచి చల్లని గాలి వస్తుంది. అయితే ఈ శక్తి చాలా స్వల్పం. పది మీటర్ల ఎత్తున్న ఇంట్లో లోపలి గాలికీ బయటి గాలికీ మూడు డిగ్రీల తేడా ఉంటే ఏర్పడే పీడనం సుమారు ఒక పాస్కల్ మాత్రమే. వాతావరణ పీడనంలో అది లక్షవ వంతు. ఇంత బలహీనమైన ప్రవాహానికి దారిలో ఒక చెక్క తలుపు అడ్డమైనా చాలు, ఆగిపోతుంది. పైన ఎంత పెద్ద కిటికీ ఉన్నా, కింద నుంచి పైదాకా దారి తెరిచి లేకపోతే అది ఉత్త అద్దం ముక్క. షాప్‌హౌస్ చరిత్రలోని విషాదానికి మూలం ఇక్కడే ఉంది.

పందొమ్మిదవ శతాబ్దం ద్వితీయార్ధంలో దక్షిణ చైనా నుంచి, భారతదేశం నుంచి కూలీలు వేల సంఖ్యలో ఈ రేవుకు చేరారు. పనిచోటుకు నడిచి వెళ్ళగలిగేంత దగ్గరలో వారికి నివాసం కావాలి. ఒక కుటుంబం కోసం కట్టిన ఇంటిని అసలు అద్దెదారు చెక్క అడ్డుగోడలతో చిన్నచిన్న గదులుగా విడగొట్టి మళ్ళీ అద్దెకిచ్చేవాడు. ‘క్యూబికల్’ అని పిలిచిన ఆ గదులలో చాలావాటికి కిటికీయే లేదు. అదీ చాలనప్పుడు ఎయిర్‌వెల్ మీద కప్పు వేసి ఆ చోటును కూడా వాడుకున్నారు. కప్పు కింద మిగిలిన ఖాళీలో పలకలు పరిచి అటకలు కట్టారు. నిచ్చెన ఎక్కి వాటిలోకి చేరి మనుషులు పడుకునేవారు. సామాను కోసం పుట్టిన అటక మనిషికి పడక అయింది. గాలి పైకి పోవలసిన దారిలోనే అటక నిలిచింది. ఇంటి యజమాని దృష్టిలో నిచ్చెన మరో అద్దెకు దారి. గాలి దృష్టిలో ఆ అటక ఒక అడ్డుకట్ట.

ఇలాంటి ఇళ్ళలో క్షయ స్థిరనివాసం ఏర్పరచుకుంది. సూర్యకాంతి సూక్ష్మక్రిములను చంపుతుందని డౌన్స్, బ్లంట్ 1877లోనే చూపారు. 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని గుర్తించారు. రోగి దగ్గినప్పుడు వెలువడే అతి సూక్ష్మమైన తుంపరలు గంటల తరబడి గాలిలో తేలగలవన్నది ఆ తరువాతి తరాలు గ్రహించిన సంగతి. చీకటి, మూసిన గది, పక్కపక్కనే పడకలు: క్షయకు ఇంతకంటే అనువైన చోటు దొరకదు.

1906లో సింగపూర్ ఆరోగ్య పరిస్థితులను పరిశీలించడానికి డాక్టర్ విలియం జాన్ సింప్సన్ వచ్చారు. అంతకుముందు ఆయన కలకత్తా నగర ఆరోగ్యాధికారిగా పనిచేశారు, హాంకాంగ్ ప్లేగు మీద విచారణ జరిపారు. మరుసటి ఏడాది ప్రచురితమైన నివేదికలో ఆయన ఇళ్ళ అంతర్నిర్మాణాన్ని పటాలతో సహా చూపారు. రోగాలకు ఆసియావాసుల అలవాట్లే కారణమన్న వాదన వలస పాలకులలో బలంగా ఉన్న రోజులవి. సింప్సన్ నివేదిక మాత్రం చూపును ఇంటి వైపు మళ్ళించింది. వీపుకు వీపు ఆనించి కట్టిన ఇళ్ళ వరుసల నడుమ ఖాళీ లేకపోవడం, లోతైన ఇళ్ళలో వెలుతురు లేని గదులు ఉండడం ప్రధాన దోషాలని అది చెప్పింది. ఇళ్ళ వెనుక సందులు తెరవాలన్నది దాని ముఖ్య సూచన. అప్పట్లో మలం బకెట్లను ఇంటి లోపలి నుంచే మోసుకుపోవలసి వచ్చేది కనుక, వెనుక సందు గాలికీ పారిశుద్ధ్యానికీ ఒకేసారి పనికివచ్చింది.

సూచన సరైనదే అయినా అది తెరిచినది ఒక వైపే. వెనుక సందు వెనుక గదికి ఊపిరి పోసింది. నడిమి గదుల పరిస్థితి అడ్డుగోడలు ఉన్నంతకాలం మారలేదు. ఆ గోడలను తీసేస్తే అందులో ఉన్నవారు ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నకు జవాబు లేని సంస్కరణ ఒక ఇంటి రద్దీని పక్క ఇంటికి చేరుస్తుంది, అంతే. 1927లో ఏర్పడిన సింగపూర్ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ వెనుక సందులు తెరిచింది, కొన్ని కొత్త ఇళ్ళు కట్టింది. అయినా 1950లలో బారింగ్టన్ కే అప్పర్ నాన్‌కిన్ వీధిలో ఇంటింటి సర్వే చేసినప్పుడు అవే కిటికీలేని క్యూబికల్స్ కనిపించాయి. 1960లో వెలువడిన ఆయన పుస్తకం ఆ జీవితానికి సాక్ష్యంగా మిగిలింది. అదే ఏడాది హౌసింగ్ అండ్ డెవలప్‌మెంట్ బోర్డు పని మొదలుపెట్టింది. కొత్త ఫ్లాట్లు, స్ట్రెప్టోమైసిన్‌తో మొదలైన మందులు, బి.సి.జి. టీకాలు, 1947లో స్థాపించిన క్షయ నివారణ సంఘం సేవలు, పెరిగిన ఆదాయాలు కలిసి క్షయను వెనక్కి నెట్టాయి. వీటిలో దేని వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. మనుషులకు వేరే చోటు దొరికిన తరువాతే పాత ఇళ్ళ నడిమి గదులు ఖాళీ అయ్యాయన్నది మాత్రం స్పష్టం.

ఖాళీ అయిన ఇళ్ళకు రెండవ జన్మ 1989లో మొదలైంది. చైనాటౌన్, లిటిల్ ఇండియా, కాంపాంగ్ గ్లాం వంటి ప్రాంతాలను ఆ ఏడాది జూలైలో పరిరక్షణ ప్రాంతాలుగా ప్రకటించారు. కప్పు, ఉమ్మడి గోడలు, ఎయిర్‌వెల్, చెక్క కిటికీలు కూడా కాపాడవలసిన ముఖ్యాంగాలయ్యాయి. 2008లో సందర్శకులకు తెరిచిన నీల్ రోడ్డులోని బాబా హౌస్‌లో నిలబడితే, పై నుంచి దిగే వెలుతురు ఇంటి నడిమిని ఎలా నింపుతుందో నేటికీ చూడవచ్చు.

ఇప్పుడు ఇలాంటి ఇళ్ళను బాగుచేయించేవారు, వాలుకప్పుల ఇళ్ళలో అటకను గదిగా మార్చేవారు తరచు కప్పులో అద్దపు కిటికీ కోరుకుంటారు. ఈనాటి కప్పు కిటికీకి పుట్టిల్లు డెన్మార్క్. విలుం కాన్ రాస్ముసెన్ 1941లో నెలకొల్పిన సంస్థే వెలక్స్ అయింది. గాలినీ కాంతినీ సూచించే రెండు మాటల కలయిక ఆ పేరు. సూర్యుడు ఏటవాలుగా ఉండే, వెచ్చదనం కోరుకునే దేశపు వస్తువది. సింగపూర్ భూమధ్యరేఖకు 1.3 డిగ్రీల దూరంలో ఉంది. మధ్యాహ్నపు ఎండ గోడల మీద కంటే కప్పు మీదే తీవ్రంగా పడుతుంది. ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు మించిన వాన కూడా ఆ కప్పు మీదే కురుస్తుంది. అందుకే పాత మేస్త్రీలు తెరిచే సందును వాలులో కాక జాక్ రూఫ్ నిలువు పక్కన పెట్టారు.

తెర విషయంలోనూ ఇదే వివేకం కనిపిస్తుంది. ఫైవ్ ఫుట్ వే అంచున వేలాడే వెదురు చిక్ తెరలు ఎండను ఇంటి బయటే ఆపుతాయి. అద్దానికి లోపల కట్టిన తెర కళ్ళకు నీడనిస్తుంది గాని, అప్పటికే లోపలికి వచ్చిన వేడిని వెనక్కి పంపలేదు. గది ఉడికిపోతోందంటే ముందుగా చూడవలసినది తెర అద్దానికి ఏ వైపున ఉందన్న సంగతి. కిటికీ చుట్టూ చెమ్మ కనిపిస్తే అద్దాన్ని అనుమానించే ముందు చట్రానికీ పెంకులకూ నడుమ ఉన్న రేకు మడతలను, ఆకులతో పూడిన నీటి కాలువను చూడాలి. అక్కడ నిలిచిన నీరు ఇంట్లోకి కారడమే కాదు, డెంగీ దోమకు తొట్టి కూడా అవుతుంది. పై కిటికీ తెరిచినా కింది గదులు చల్లబడకపోతే, మడత నిచ్చెన పైన అటక మూత వేసి ఉందేమో చూడాలి. పాత అటక పలకలు ఆపిన గాలినే ఆ మూత ఆపుతుంది.

లీమా నగరపు ఆసుపత్రులలో జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఎత్తైన కప్పులూ పెద్ద కిటికీలూ ఉన్న పాత వార్డులలో గాలి మార్పిడి కొత్త గదులలో కంటే ఎక్కువని ఎస్కోంబ్ బృందం చూపింది. క్షయ కాలపు కట్టడ జ్ఞానానికి ఇది ఆలస్యంగా దక్కిన ధ్రువీకరణ. అయితే ఆ జ్ఞానాన్ని కిటికీ వరకే పరిమితం చేస్తే చాలదు. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు సింగపూర్‌లో అత్యధిక కేసులు వలస కార్మికుల వసతిగృహాలలో వచ్చాయి. ఏడాది చివరికి ఆ నివాసులలో 47 శాతం మందికి వైరస్ సోకినట్టు తేలింది. 2021లో ప్రకటించిన కొత్త ప్రమాణాలు గదికి పన్నెండు మందిని మించనీయవద్దన్నాయి, పడకల నడుమ దూరం పాటించాలన్నాయి. సింప్సన్ పటాలు గీసిన నూరేళ్ళ తరువాత కూడా ఒకే గాలిని ఎంతమంది పంచుకోవాలన్నదే ప్రశ్న. పునరుద్ధరించిన షాప్‌హౌస్ ఎయిర్‌వెల్ కింద నేడు అతిథులు కూర్చుని కాఫీ తాగుతారు. ఆ వెలుతురు ఒకప్పుడు కూడా అక్కడే ఉంది. దాని కింద నిద్రించిన కూలీలకు మాత్రం అది దక్కలేదు.