సాంఘికీకరణ: కొల్లేరు సీమ

మనిషి తన సమాజపు భాషను, నడవడిని, విలువలను ఒంటబట్టించుకునే ప్రక్రియను సాంఘికీకరణ అంటారు. కుటుంబం, ఈడువాళ్లు, బడి, ప్రసార మాధ్యమాలు దీనికి ప్రధాన వాహకాలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కొల్లేరు సరస్సులోని లంక గ్రామాల్లో ఊరి కట్టుబాటునూ వీటితో కలిపి చూడాలి. చేపల వేటే వృత్తిగా గల వడ్డి కులస్థుల ఊళ్లలో పెద్దల తీర్మానం దాటడమంటే వెలికి సిద్ధపడడమే. ఆ భయం పిల్లలకు చిన్ననాడే తెలుస్తుంది.

వృత్తి మాత్రం ఇంట్లోనే అబ్బుతుంది. తాటిదోనె ఒరగకుండా ఎక్కడ కూర్చోవాలో, వల ఎక్కడ దించాలో ఎవరూ పాఠంలా చెప్పరు. పెద్దల వెంట తిరిగితే వచ్చేస్తుంది. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర మొక్కుబడులూ అలాగే తరం నుంచి తరానికి అందుతాయి.

1970లలో సహకార సంఘాల చేపల చెరువులు వచ్చాక నేర్వవలసిందే మారింది. మేత ఖర్చు, లీజు బేరం కూడా ఇంటి చదువులో చేరాయి. 1999లో సరస్సు అభయారణ్యమైంది. దాంతో 2006లో అయిదో కాంటూరు (ఎత్తు రేఖ) లోపలి చెరువుల గట్లు తెంచారు. తండ్రి పని కొడుక్కి దక్కుతుందన్న ధీమా సడలింది.

మాధ్యమాల్లో తొలుత పల్లెకు చేరింది రేడియో. విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైంది. నేడు ఆ చోటు సెల్‌ఫోనుది.

ఇక ఈడువాళ్ల ప్రభావానికి కొల్లేటికి దగ్గరలోని తాడేపల్లిగూడెం పట్టణం మంచి ఉదాహరణ. 2015లో అక్కడ నెలకొన్న ఎన్‌ఐటీలో సగం సీట్లు ఇతర రాష్ట్రాల వారివి. హాస్టల్లో తెలుగు పిల్లలు హిందీ పట్టేస్తారు, బయటివాళ్లు పప్పులో ఆవకాయ కలుపుకోవడం నేరుస్తారు.