ఇసబెల్ మెంజీస్ – పరిచారికల మనఃపరిశోధన

మన బాలికలు పలువురు నర్సు శిక్షణకుఁ బోవుచున్నారు. కొందఱు నడుమనే మఱలి వచ్చుచున్నారు. అట్టి పిల్లను పిఱికిదని నిందించు పెద్దలు ఇసబెల్ మెంజీస్ చరిత్ర వినవలెను.

1917లో స్కాట్లండునఁ బుట్టిన యీ విదుషి సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమును, ప్రయోగ మనశ్శాస్త్రమును జదివి, యచటనే బోధించి, పిదప లండనులోని టావిస్టాక్ సంస్థలోఁ జేరెను. ఆ నగరమున నొక పెద్ద వైద్యశాలలోని పరిచారికలను బరిశీలించి 1960లో వ్యాసము ప్రకటించెను. రోగిని పేరుతోఁ గాక మంచపు సంఖ్యతోను, చెడిన యవయవముతోను బేర్కొనుట, నిద్రమందిచ్చుటకై నిద్రించువానిని లేపుట (నవ్వవలెనో యేడ్వవలెనో!) – ఇట్టి యాచారములు పరిచారికల మనోభీతికి అడ్డుగోడలనియు, ఆ భీతిని మాత్రము తీర్పఁజాలవనియు నామె వివరించెను. అచట శిక్షణార్థినులలో నించుమించు మూఁడవవంతు చదువు ముగింపకయే విడిచిపోవుచుండిరి. వారిలోఁ బరిణతబుద్ధి గలవారు గూడఁ బెక్కండ్రుండిరని యామె గుర్తించెను.