డాక్టరేటు దక్కని నీటి పరీక్షకురాలు

ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎం.టెక్. విద్యార్థులు ప్రయోగశాలలో చేసే పరీక్షలలో నీటిలోని క్లోరైడ్‌ను కొలవడం ఒకటి. నమూనాలో సిల్వర్ నైట్రేట్‌ను చుక్కచుక్కగా వేస్తూ, పసుపు రంగు ఇటుక రంగుకు తిరిగే క్షణం కోసం ఎదురుచూస్తారు. ఆ సాధారణమైన కొలతతో ఒక రాష్ట్రపు నీటి స్వభావాన్నే పటంగా గీసిన బృందంలో ఎల్లెన్ స్వాలో రిచర్డ్స్ అనే రసాయన శాస్త్రజ్ఞురాలు ముఖ్యులు.

అప్పటివరకు స్త్రీలకు ప్రవేశం లేని అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.) 1870లో ఆమెను చేర్చుకొన్నది. రుసుము తీసుకొనలేదు. పేదరికం చూసి మాఫీ చేశారని ఆమె భావించారు. ఎవరైనా ఆక్షేపిస్తే ‘ఈమె మా విద్యార్థిని కాదు’ అని చెప్పుకొనే వీలు కోసమే అలా చేశారని తరువాత తెలిసింది. 1873లో పట్టా పొంది, డాక్టరేటు ఆశతో మరికొంతకాలం అక్కడే చదివారు. అది దక్కలేదు. 1884లో అక్కడే పారిశుద్ధ్య రసాయనశాస్త్ర బోధకురాలయ్యారు.

టైఫాయిడ్ విజృంభిస్తున్న రోజులవి. 1887లో రాష్ట్ర ఆరోగ్య మండలి ఆచార్య థామస్ డ్రౌన్ ఆధ్వర్యంలో రాష్ట్రమంతటి నీటినీ పరీక్షింపజేసింది. వేలాది నమూనాలు ఆ ప్రయోగశాలకు వచ్చాయి. వాటి విశ్లేషణ భారం అధికంగా ఎల్లెన్‌దే.

మనం తినే ఉప్పు మూత్రంలో వెలుపలికి పోతుంది. కనుక మురుగు కలిసిన నీటిలో క్లోరైడ్ పెరుగుతుంది. (బ్లీచింగ్ పొడిలోని క్లోరిన్ వేరు.) అయితే సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు వలన తీరప్రాంతపు స్వచ్ఛమైన నీటిలోనూ కొంత క్లోరైడ్ ఉంటుంది, లోనికి పోయేకొద్దీ అది తగ్గుతుంది. ఈ సహజ స్థాయిలను గీతలుగా కలిపి ‘నార్మల్ క్లోరిన్ పటం’ రూపొందించారు. ఒక ఊరి బావిలో గీత చెప్పినదానికన్నా ఎక్కువ ఉంటే, మనుషుల మలినం చేరిందని అనుమానించాలి. రోగి మామూలు స్థితి తెలియనిదే జబ్బు తెలియదన్నది వైద్యులకు కొత్త మాట కాదు. ఒక రాష్ట్రపు నీటికి ఆ మామూలు స్థితిని కొలిచి చూపడమే కొత్త.

మన కోస్తా జిల్లాల బోరు నీటికీ ఇదే చిక్కు. భారత ప్రమాణం ప్రకారం తాగునీటిలో లీటరుకు 250 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఆమోదయోగ్యం. అంతకు మించినప్పుడు కారణం సముద్రపు చొరబాటా, మురుగా అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు. నైట్రేట్, కోలిఫారం పరీక్షలూ చేయించాలి.

అదే ఆరోగ్య మండలి 1887లో మెరిమాక్ నది ఒడ్డున లారెన్స్ పట్టణంలో ప్రయోగ కేంద్రాన్ని స్థాపించింది. ఎగువనున్న లోవెల్ పట్టణపు మురుగు కలిసిన నీటినే లారెన్స్ ప్రజలు తాగేవారు. ఇంజినీరు హైరం మిల్స్ రూపొందించిన ఇసుక వడపోత 1893లో మొదలయ్యాక అక్కడ టైఫాయిడ్ మరణాలు బాగా తగ్గాయి. రసాయన శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు, ఇంజినీర్లు ఒకే నీటిపై కలిసి పనిచేసిన ఆ సంవత్సరాలలోనే ఎం.ఐ.టి.లో పారిశుద్ధ్య ఇంజినీరింగ్ ప్రత్యేక పాఠ్యక్రమంగా నిలిచింది. ‘ఎన్విరాన్‌మెంటల్’ అన్న పేరు చాలాకాలం తరువాత వచ్చింది.

1911లో మరణించేవరకు ఎల్లెన్ బోధకురాలి హోదాలోనే విద్యార్థులకు నీరు, గాలి, ఆహారాల పరీక్షలు నేర్పారు. డాక్టరేటు 1910లో వచ్చింది, స్మిత్ కళాశాల ఇచ్చిన గౌరవ పట్టాగా.