ఉప్పు కొండెక్కిన దారి

సముద్రం మన మన్యానికి మరీ దూరం కాదు. అయినా మన తాతల కాలంలో ఉప్పు అపురూపమే. మైదానంలో చవగ్గా దొరికే ఉప్పు ఘాటీ ఎక్కేసరికి ప్రియమయ్యేది. మోత కూలి, ఎద్దుల మేత, దారిలో గడిచిన రోజులు అన్నీ దాని ధరలో కలిసేవి. అంతవరకు న్యాయమే అనుకుందాం. కానీ అదే సంతలో మనం కావడి మీద తెచ్చిన చింతపండుకు, కిందికి మోయించుకోవాలని చెప్పి సావుకారు ధర తగ్గించేవాడు. ఎక్కే దూరానికీ దిగే దూరానికీ కిరాయి మనమే కట్టాం. ఊరి నుంచి సంతకు మనం నడిచిన నడకకు మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు.

రోడ్డు పడితే ఖర్చు తగ్గాలి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డును తెల్లదొరల కాలంలో మనవాళ్ళ చేతనే, సరైన కూలి ఇవ్వకుండా వేయించారు. 1922 పితూరీకి అదీ ఒక కారణం.

1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. సరుకులు అమ్మడం, అటవీ ఫలసాయం కొనడం రెండూ దాని పనే. అసలు కిటుకు ఇక్కడుంది. బియ్యం, ఉప్పు తెచ్చిన లారీ ఖాళీగా దిగితే రానూపోనూ ఖర్చంతా బియ్యం మీదే పడుతుంది. చింతపండుతో దిగితే ఆ ఖర్చును రెండు సరుకులూ పంచుకుంటాయి. లెక్కల పాఠంలో మేము దీన్నే బోర్డు మీద వేస్తాం. పిల్లలకు వడ్డీ లెక్కల కంటే తొందరగా ఎక్కుతుంది.

డిపో నుంచి ఊరి దాకా చాలాచోట్ల ఇంకా నెత్తి మోతే. మేము పాఠం చెప్పే ఊళ్ళో ఐదిళ్ళవాళ్ళు కలిసి నెలకోసారి రెండు గుర్రాలు మాట్లాడుకుంటారు. వెళ్ళేటప్పుడు కొండచీపుళ్ళు, వచ్చేటప్పుడు బియ్యం.