గిడ్డంగి

తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు పీరియడ్. పాఠంలో 'గోడౌన్' అన్న మాట వచ్చింది. అంటే ఏమిట్రా అన్నారు మాస్టారు. వెనక బెంచీలోంచి ఒకడు లేచి "గిడ్డంగండి" అన్నాడు. వాళ్ళ నాన్న హార్బర్లో కలాసీ. క్లాసంతా గొల్లుమంది. నేను లేచి, 'గో' అంటే వెళ్ళు, 'డౌన్' అంటే కిందికి, సరుకు కిందికి దించే చోటు కాబట్టి గోడౌన్ అని చెప్పి శభాష్ అనిపించుకున్నాను. స్కూలు వదిలేదాకా వాడి పేరు 'గిడ్డంగి'. ఆ పేరు పెట్టింది కూడా నేనే.

చాలా ఏళ్ళ తర్వాత 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు చేతికొచ్చింది. మన దేశంలో ఇంగ్లీషువాళ్ళు వాడిన మాటల పుట్టుపూర్వోత్తరాలను యూల్, బర్నెల్ అనే ఇద్దరు పోగుచేసి 1886లో అచ్చువేయించిన పుస్తకమది. ఏదో వెతుకుతూ 'గోడౌన్' దగ్గర ఆగిపోయాను. నేను చెప్పిన అర్థం అక్కడ లేదు. తెలుగు 'గిడ్డంగి', తమిళ 'కిడంగు' ఉన్నాయి. సరుకు పడి ఉండే చోటు అని అర్థం. తమిళంలో 'కిడ' అంటే పడి ఉండడమే.

అంటే ఇది మన తీరం మాట. తెలుగుదా, తమిళానిదా అని తగువు పడక్కర్లేదు, రెండు రేవులవాళ్ళూ ఒకే సముద్రం మీద తిరిగారు. ఓడలతో పాటే తూర్పుకు వెళ్ళి మలయ్ భాషలో 'గుదాంగ్' అయింది. ఇండోనేషియాలో ఈనాటికీ గిడ్డంగిని అలాగే అంటారు. అక్కడి నుంచి పోర్చుగీసువాళ్ళు అందుకున్నారు. 16వ శతాబ్దం ముగిసేలోపే ఇంగ్లీషు రాతల్లోకి ఎక్కింది. ఇంగ్లీషువాళ్ళ నోట పడ్డాక వాళ్ళకు తెలిసిన రెండు మాటల వేషం వేసుకుంది. నేను మోసపోయింది ఆ వేషాన్ని చూసే. హిందీ 'గోదాం' కూడా ఇంగ్లీషు నుంచి తిరిగొచ్చిందేనని ఆ నిఘంటువు అభిప్రాయం. లండన్లో మాత్రం 'వేర్‌హౌస్' అన్నారు. గోడౌన్ అన్నది ఎక్కువగా ఇటు మన దేశంలోనూ, అటు చైనా రేవుల్లోనూ తిరిగిన దొరల మాట.

మన విశాఖ రేవులోకి 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' ఓడ వచ్చింది. ఆ నాటికి ఈ మాట సముద్రాలు చుట్టి రావడం మొదలై మూడు వందల ఏళ్ళు దాటింది. రేవులో బస్తాలు మోసినవాళ్ళు మాత్రం దాని పాత రూపాన్ని వదల్లేదు. కాబట్టి ఆరోజు క్లాసులో సరైన జవాబు చెప్పింది ఒక్కడే.

ఆ సంగతి వాడికి చెబుదామని రెండుసార్లు పాత పోస్టాఫీసు వైపు వెళ్ళాను. వాళ్ళున్న ఇల్లు లేదు, ఎటు వెళ్ళారో చెప్పేవాళ్ళూ లేరు. మన బ్యాచ్ వాళ్ళెవరికైనా తెలిస్తే కబురు చేయండి. ఈసారి అసలు పేరుతోనే పిలుస్తాను.